కిడ్నీ మార్పిడి తర్వాత రోగనిరోధక వ్యవస్థ: సౌదీ అరేబియా అనుభవం

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారిలో రోగనిరోధక శక్తి తగ్గుతుందని అందరికీ తెలుసు. తగ్గడం ఒక్కటే జరిగితే వైద్యుల పని చాలా సులువయ్యేది. జరిగేది అంతకంటే క్లిష్టమైన పునర్వ్యవస్థీకరణ. కొన్ని రకాల తెల్లకణాలు దాదాపు మాయమవుతాయి, మరికొన్ని పెరిగి వాటి చోటు కూడా తీసుకుంటాయి. ఏళ్ల తరబడి అణిగి ఉన్న వైరస్‌లు తల ఎత్తుతాయి. ఎప్పుడో కాన్పులోనో రక్తమార్పిడిలోనో పడిన గుర్తులు కొత్త కిడ్నీ మీదికి యాంటీబాడీలుగా తిరిగివస్తాయి. రోగి ఏ సూక్ష్మజీవుల మధ్య పెరిగాడు, ఎవరిని పెళ్లాడాడు, ఎన్నిసార్లు రక్తం ఎక్కించుకున్నాడు, స్త్రీ అయితే ఎందరు పిల్లలను కన్నది అనే విషయాలు మందుల చీటీతో సమానంగా కిడ్నీ ఆయుష్షును నిర్ణయిస్తాయి. పాశ్చాత్య దేశాల పాఠ్యపుస్తకాల్లో పక్కకు ఒదిగి ఉండే ఈ విషయం సౌదీ అరేబియా వైద్య చరిత్రలో నడిమధ్యన కనిపిస్తుంది.

నేపథ్యం

సౌదీలో తొలి కిడ్నీ మార్పిడి 1979లో రియాద్ సైనిక ఆసుపత్రిలో జరిగింది. ప్రస్తుతం దాని పేరు ప్రిన్స్ సుల్తాన్ మిలిటరీ మెడికల్ సిటీ. దాత రోగికి రక్తసంబంధీకుడే. 1982 ఆగస్టులో సీనియర్ ఉలేమాల మండలి తన 99వ నిర్ణయంతో బతికున్నవారి నుంచీ మరణించినవారి నుంచీ అవయవాలు తీసుకుని మరొకరికి అమర్చడాన్ని అనుమతించింది. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ మెదడు మరణాన్ని మరణంగా అంగీకరించడంతో జీవన్మృతుల అవయవదానానికి మతపరమైన అడ్డు తొలగింది. 1980ల మధ్యలో జాతీయ కిడ్నీ ఫౌండేషన్‌గా మొదలైన సంస్థ 1993లో సౌదీ అవయవ మార్పిడి కేంద్రంగా మారింది. ఆ కేంద్రాన్ని చాలాకాలం నడిపిన డాక్టర్ ఫైసల్ షాహీన్ పేరు అరబ్ ప్రపంచంలో కిడ్నీ వైద్యులందరికీ పరిచితం. 1990లో ఒక బులెటిన్‌గా పుట్టిన కిడ్నీ వ్యాధుల పత్రిక తర్వాత పూర్తి స్థాయి వైద్య పత్రికగా ఎదిగి, ఈ వ్యాసంలో చెప్పబోయే అనేక అనుభవాలకు వేదికైంది.

రియాద్‌లోని కింగ్ ఫైసల్ స్పెషలిస్ట్ ఆసుపత్రి, నేషనల్ గార్డ్ వారి కింగ్ అబ్దులజీజ్ మెడికల్ సిటీ, జిద్దా, దమ్మామ్ నగరాల కేంద్రాలు ఈ రంగంలో ముఖ్యమైనవి. మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికున్న దాతలవే, అందులోనూ కుటుంబ సభ్యులవే. జీవన్మృతులైన దాతల్లో ఉపాధి కోసం వచ్చిన విదేశీయులు గణనీయంగా ఉంటారు. వారిలో భారతీయులూ ఉన్నారు. పరాయి దేశంలో ప్రాణం పోయిన మనిషి అవయవాలు ఇవ్వడానికి వేల మైళ్ల అవతల ఊళ్లో ఉన్న కుటుంబం ఫోన్‌లో ఒప్పుకోవడం మాటలు కాదు. ఆ ఔదార్యం గురించి మన పత్రికల్లో వచ్చింది చాలా తక్కువ.

మార్పిడికి ముందే మొదలయ్యే మార్పు

కిడ్నీ మార్పిడి రోగి ఆపరేషన్ బల్ల మీదికి సాధారణ రోగనిరోధక వ్యవస్థతో రాడు. కిడ్నీలు పాడై రక్తంలో వ్యర్థాలు పేరుకున్న స్థితిలో రెండు విరుద్ధమైన విషయాలు కలిసి జరుగుతాయి. ఒళ్లంతా సన్నని మంటలా వాపు స్థితి సాగుతూనే ఉంటుంది, అదే సమయంలో సూక్ష్మజీవులను ఎదుర్కొనే సామర్థ్యం పడిపోతుంది. హెపటైటిస్ బి టీకాను డయాలసిస్ రోగులకు మామూలు మోతాదుకు రెట్టింపు ఇవ్వడం అందుకే. అలా ఇచ్చినా కొందరిలో యాంటీబాడీలు పుట్టవు. టి కణాల తీరును బట్టి లెక్కగడితే ఈ రోగుల రోగనిరోధక వ్యవస్థ వారి అసలు వయసు కంటే 20 నుంచి 30 ఏళ్లు ముదిరినట్టు ఉంటుందని నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ పరిశోధకులు చూపించారు. కొత్త కిడ్నీ పనిచేసి రక్తం శుభ్రపడ్డాక వాపు చాలావరకు తగ్గుతుంది కానీ టి కణాల ముదిమి మాత్రం వెనక్కి పోదు. కొత్త టి కణాలను తయారుచేసే థైమస్ గ్రంథి పెద్దవారిలో ఎలాగూ కుంచించుకుపోయి ఉంటుంది.

డయాలసిస్ కాలం మరో ముద్ర కూడా వేస్తుంది. 1989లో ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్ అమెరికాలో ఆమోదం పొంది తర్వాత ఇతర దేశాలకు చేరేదాకా రక్తహీనతకు రక్తం ఎక్కించడమే మార్గం. ఎక్కించిన ప్రతి సీసాతోనూ పరాయి కణజాల గుర్తులు రోగి శరీరానికి పరిచయమయ్యేవి. సౌదీ డయాలసిస్ కేంద్రాల్లో 1990లలో హెపటైటిస్ సి చాలా ఎక్కువగా ఉండేది. ఆ వైరస్‌తోనే మార్పిడికి వచ్చినవారిలో నిరోధక శక్తిని అణచే మందులు పడగానే కాలేయం మీద దాని ప్రభావం పెరిగేది. ఇప్పుడు మాత్రలతోనే ఆ వైరస్ నయమవుతోంది గనుక, ఈ ఒక్క సమస్య దాదాపు వెనకబడింది.

శరీరం కొత్త కిడ్నీని గుర్తించే తీరు

1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి ఒకే పోలిక కవలల మధ్య జరిగింది. అన్నదమ్ములిద్దరి కణజాలం ఒకటే కాబట్టి తిరస్కరణ రాలేదు. కవలలు కానివారి మధ్య ఎందుకు వస్తుందో వివరించిన పీటర్ మెడవార్, 1960లో నోబెల్ అందుకున్నవాడు, తండ్రి వైపున లెబనాన్ మూలాలున్నవాడు.

తిరస్కరణకు కేంద్రం ఆరో క్రోమోజోమ్ మీదున్న హెచ్‌ఎల్‌ఏ జన్యువులు. దాదాపు ప్రతి కణం ఉపరితలం మీదా ఇవి తయారుచేసే ప్రోటీన్లు ఉంటాయి. దాత కిడ్నీతో పాటు వచ్చిన తెల్లకణాలు గ్రహీత శోషరస గ్రంథుల్లోకి చేరి అక్కడి టి కణాలకు తమ హెచ్‌ఎల్‌ఏను నేరుగా చూపిస్తాయి. తొలి వారాల్లో వచ్చే తీవ్ర తిరస్కరణకు ఇది ప్రధాన కారణం. ఇంకో దారి నిదానమైంది. దాత ప్రోటీన్ ముక్కలను గ్రహీత సొంత కణాలే తీసుకుని టి కణాలకు చూపిస్తాయి. ఏళ్లకేళ్లు సాగే నష్టానికీ యాంటీబాడీల పుట్టుకకూ మూలం ఇక్కడుంది. టి కణం పూర్తిగా మేల్కొనాలంటే మూడు సంకేతాలు కావాలి: పరాయి గుర్తును పోల్చుకోవడం, సీడీ28 అనే అణువు ద్వారా రెండో నిర్ధారణ, ఆపైన ఇంటర్‌ల్యూకిన్-2 వంటి రసాయనాల ప్రోద్బలంతో కణవిభజన.

ఇవన్నీ మొదలుకాక ముందే, రక్తప్రసరణ ఆగి మళ్లీ మొదలైన కిడ్నీలో కణాలు దెబ్బతిని ప్రమాద సంకేతాలు విడుదల చేస్తాయి, కాంప్లిమెంట్ ప్రోటీన్లూ న్యూట్రోఫిల్ కణాలూ అక్కడికి చేరతాయి. జీవన్మృతుల నుంచి తీసి గంటల తరబడి మంచుపెట్టెలో ఉంచిన కిడ్నీల్లో ఇది ఎక్కువ. కొన్నింటికి మూత్రం రావడానికే రోజులు పడుతుంది.

మందులు తెచ్చే మార్పు

రియాద్‌లో తొలి మార్పిడి జరిగేనాటికి చేతిలో ఉన్నవి ప్రధానంగా అజథయోప్రిన్, స్టెరాయిడ్లు. 1983లో అమెరికాలో ఆమోదం పొందిన సైక్లోస్పోరిన్ ఒక శిలీంధ్రం నుంచి వచ్చింది. 1984లో జపాన్‌లో త్సుకుబా మట్టిలోని బాక్టీరియాలో దొరికిన టాక్రోలిమస్ క్రమంగా దాని స్థానం తీసుకుంది. ఈ రెండూ కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ను ఆపి ఇంటర్‌ల్యూకిన్-2 తయారీని అడ్డుకుంటాయి. మైకోఫినోలేట్ తెల్లకణాల విభజనకు కావలసిన ముడిసరుకును అందనివ్వదు. స్టెరాయిడ్లు వాపు సంకేతాలను విస్తృతంగా అణచివేస్తాయి. రోజువారీ చికిత్స ఈ మూడింటి కలయిక. వీటిలో టాక్రోలిమస్, స్టెరాయిడ్లు రోగిని మధుమేహం వైపు కూడా నెడతాయి. మధుమేహం అసలే విస్తారంగా ఉన్న సౌదీలోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది చిన్న విషయం కాదు.

కణాల లెక్కలో పెద్ద మార్పు తెచ్చేది ఆపరేషన్ సమయంలో ఇచ్చే మందు. తిరస్కరణ ముప్పు తక్కువగా ఉన్నవారికి బాసిలిక్సిమాబ్ ఇస్తారు. అది టి కణాలను చంపదు, ఇంటర్‌ల్యూకిన్-2 అందుకునే ద్వారాన్ని కొన్ని వారాలు మూసి ఉంచుతుంది. ముప్పు ఎక్కువైతే కుందేళ్ల నుంచి తయారుచేసే యాంటీ థైమోసైట్ గ్లోబ్యులిన్ ఇస్తారు. ఇది పడిన కొద్ది రోజుల్లోనే రక్తంలో టి కణాలు దాదాపు శూన్యమవుతాయి. వాటిలో సీడీ8 రకం కణాలు కొన్ని నెలల్లో తిరిగివస్తాయి కానీ సీడీ4 రకం కణాలు కోలుకోవడానికి ఏడాది, రెండేళ్లు, కొందరిలో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ కాలంలో రెండింటి నిష్పత్తి తలకిందులై ఉంటుంది.

తిరిగి పెరిగేవి ఏవి అన్నది ఇంకా ముఖ్యం. చేను ఖాళీ అయితే వేసిన పైరు కంటే కలుపు ముందు లేచినట్టు, ఖాళీ అయిన శరీరంలో ముందుగా విస్తరించేవి పాత శత్రువులను గుర్తుపెట్టుకున్న జ్ఞాపక టి కణాలు. వాటికి రెండో సంకేతం అవసరం పెద్దగా ఉండదు, మందులకూ అంత సులువుగా లొంగవు. పైగా సైటోమెగలోవైరస్ చిన్నతనంలోనే దాదాపు అందరికీ సోకే సౌదీ, భారత్ వంటి దేశాల్లో ఆ జ్ఞాపక కణాల్లో పెద్ద వాటా ఆ ఒక్క వైరస్‌కే కేటాయింపై ఉంటుంది. ఒక పాత ఇన్ఫెక్షన్ మనిషి టి కణాల భాండాగారాన్ని ఇంతగా ఆక్రమించగలదని తెలిసినప్పుడు విస్మయం కలుగుతుంది.

నియంత్రణ టి కణాల మాట కూడా చెప్పాలి. దాడిని అదుపులో పెట్టే ఈ కణాలను 1995లో షిమోన్ సకాగుచి వర్ణించాడు. వాటి కీలక జన్యువు ఫాక్స్‌పీ3ని బయటపెట్టిన మేరీ బ్రంకోవ్, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిసి ఆయనకు 2025లో నోబెల్ దక్కింది. కొత్త కిడ్నీకి మిత్రులైన ఈ కణాలు ఇంటర్‌ల్యూకిన్-2 మీదే బతుకుతాయి. దాన్నే ఆపే టాక్రోలిమస్ తిరస్కరణను అడ్డుకుంటూనే సహనాన్ని పెంచే కణాలనూ బలహీనపరుస్తుంది. సిరోలిమస్ వంటి మందులు ఈ విషయంలో కాస్త దయగా ఉంటాయి.

బి కణాల వైపు అణచివేత అసంపూర్ణమే. ఎముక మజ్జలో దాగి యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలను రోజువారీ మందులు దాదాపు తాకవు. కొత్త టీకాకు మాత్రం స్పందన మందగిస్తుంది. కోవిడ్ కాలంలో ఇది ప్రపంచమంతా చూసింది. 2021లో అమెరికాలో అవయవ గ్రహీతల మీద జరిగిన పరిశీలనలో రెండు డోసుల ఎంఆర్‌ఎన్‌ఏ టీకా తర్వాత కూడా 54 శాతం మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. మైకోఫినోలేట్ వాడేవారిలో స్పందన మరీ తక్కువ.

పెళ్లి, కాన్పు, రక్తం

1958లోనే పిల్లలను కన్న స్త్రీల రక్తంలో తండ్రి వైపు కణజాల గుర్తులకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉంటాయని తేలింది. గర్భస్థ శిశువు సగం తండ్రిదే కాబట్టి ప్రతి కాన్పూ తల్లి రోగనిరోధక వ్యవస్థకు ఒక పాఠం. పెద్ద కుటుంబాలు మామూలైన సౌదీ సమాజంలో ఐదారుగురు పిల్లల తల్లికి కిడ్నీ అవసరమైతే, ఇవ్వడానికి ముందుకొచ్చే భర్తా కొడుకులే ఆమె శరీరం ఎప్పుడో శత్రువులుగా నేర్చుకున్న గుర్తులు మోస్తుంటారు. దాత కణాలనూ గ్రహీత సీరాన్నీ కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష అలాంటివారిలో పాజిటివ్ వస్తుంది. 1969లో పటేల్, టెరసాకీ ఈ పరీక్ష ప్రాధాన్యాన్ని నిరూపించాక దాన్ని దాటుకుని సాధారణంగా ఎవరూ మార్పిడి చేయరు. ఇంట్లో ప్రేమకు లోటు లేకపోయినా, తల్లికి కిడ్నీ ఇవ్వడానికి కొడుకు పనికిరాడు. ఇంతకంటే బాధ కలిగించే ల్యాబ్ రిపోర్టు మరొకటి ఉంటుందా!

దీనికి రెండు మార్గాలున్నాయి. ప్లాస్మా మార్పిడి, ఇమ్యునోగ్లోబ్యులిన్, రిటక్సిమాబ్‌లతో యాంటీబాడీలను తగ్గించడం ఒకటి. సరిపడని జంటలను ఒకరితో ఒకరిని కలిపి కిడ్నీలు ఇచ్చిపుచ్చుకోవడం మరొకటి. కింగ్ ఫైసల్ ఆసుపత్రి రెండింటినీ చేస్తోంది. రెండో దారిలో గ్రహీత యాంటీబాడీలతో పోరాటమే ఉండదు కాబట్టి అదే మేలైనది.

మేనరికాలు ఎరిగిన తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి. సౌదీలో చిన్నాన్న, పెదనాన్న కూతుళ్లను పెళ్లాడటం ఆనవాయితీ. 1995లో అచ్చయిన దేశవ్యాప్త సర్వేలో దగ్గరి బంధువుల మధ్య వివాహాలు 57.7 శాతంగా తేలాయి. మామూలుగా తోబుట్టువుల మధ్య హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి, భార్యాభర్తల మధ్య దాదాపు లేదు. బంధువుల పెళ్లిళ్లు సాగే వంశాల్లో భార్యాభర్తలు, పినతండ్రి పిల్లలు కూడా ఒకే వరుస హెచ్‌ఎల్‌ఏ జన్యువులను పంచుకునే అవకాశం పెరుగుతుంది. అంటే సరిపడే దాత దొరికే వలయం పెద్దదవుతుంది. దాని వెల కూడా ఉంది. ఆక్సాలేట్ రాళ్ల వ్యాధి, పసితనంలోనే కిడ్నీల్లో తిత్తులు పుట్టే వ్యాధి వంటి అంతర్గత జన్యులోపాలు అదే వంశాల్లో బయటపడతాయి. దాతగా వచ్చిన బంధువుకు ఆ లోపం లేదని తేల్చుకోకుండా కిడ్నీ తీసుకోవడం ప్రమాదం.

ఆపరేషన్ నాటికి లేని యాంటీబాడీలు తర్వాత పుట్టడం వేరే కథ. మందులు మానేయడం, మోతాదులు తప్పించడం ఇందుకు ప్రధాన కారణాలు. అవి కిడ్నీ సూక్ష్మ రక్తనాళాల లోపలి పొరకు అంటుకుని నెమ్మదిగా నాళాలను మూసేస్తాయి. కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ రక్తంలో పెరిగేసరికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. 1991లో కెనడాలోని బాన్ఫ్‌లో మొదలైన వర్గీకరణే ఇప్పటికీ బయాప్సీలో దీన్ని గుర్తించే ప్రమాణం.

కపోసి సార్కోమా: ఒక ప్రాంతపు ముద్ర

మార్పిడి తర్వాత ఆస్ట్రేలియాలో తెల్లజాతి రోగులకు ఎక్కువగా వచ్చేది ఎండవల్ల పుట్టే చర్మ క్యాన్సర్. సౌదీలోనూ తీవ్రమైన ఎండ ఉన్నా కథ వేరు. 1988లో వాజిహ్ కునిబీ, ఆయన సహచరులు రియాద్ నుంచి ఒక నివేదిక ప్రచురించారు. వారు గమనించిన 263 మంది కిడ్నీ గ్రహీతల్లో 14 మందికి, అంటే 5.3 శాతం మందికి, కపోసి సార్కోమా వచ్చింది. వారిలో వచ్చిన కణితుల్లో అత్యధికం అదే. పాశ్చాత్య దేశాల మార్పిడి రోగుల్లో ఇది ఒక శాతం లోపే ఉండే జబ్బు. అప్పటికి ఎయిడ్స్ గురించి ప్రపంచమంతా భయపడుతున్న రోజులు కాబట్టి ఆ పేరు వినగానే అనుమానాలు లేచేవి. అయితే ఇది ఎయిడ్స్‌తో సంబంధం లేనిది.

చర్మం మీద, ముఖ్యంగా కాళ్ల మీద, ఊదారంగు మచ్చలుగా, బొడిపెలుగా మొదలై కొందరిలో పేగులకూ ఊపిరితిత్తులకూ పాకే ఈ కణితి కారణం 1994లో దొరికింది. యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ హెర్పిస్ కుటుంబానికి చెందిన ఎనిమిదో మానవ వైరస్‌ను కనుగొన్నారు. ఆ తర్వాత 1998లో సౌదీ రోగుల మీద జరిగిన అధ్యయనం కపోసి వచ్చిన కిడ్నీ గ్రహీతల్లో అత్యధికుల రక్తంలో ఆ వైరస్‌కు యాంటీబాడీలున్నాయని, జబ్బు రాని గ్రహీతల్లో అవి చాలా తక్కువని చూపించింది. మధ్యధరా, మధ్యప్రాచ్య, ఆఫ్రికా ప్రాంతాల్లో ఈ వైరస్ ప్రజల్లో ముందే వ్యాపించి ఉంది. టి కణాలు కాపలా కాస్తున్నంతకాలం అది బి కణాల్లో మౌనంగా ఉంటుంది. మందులు ఆ కాపలాను తీసేయగానే బయటపడుతుంది. కొన్నిసార్లు దాత అవయవంతో పాటు వస్తుంది. 2003లో ఇటలీ పరిశోధకులు కొందరు రోగుల కణితి కణాలు అసలు దాతవేనని జన్యు పరీక్షతో నిరూపించారు.

చికిత్సలోనే ఈ వ్యాధి అసలు పాఠం ఉంది. మందుల మోతాదు తగ్గిస్తే చాలామందిలో మచ్చలు వాటంతటవే తగ్గుతాయి, టి కణాలు తిరిగి వైరస్‌ను పట్టుకుంటాయి. అవే టి కణాలు కిడ్నీని కూడా పట్టుకునే ప్రమాదం ఉంది. ప్రాణమా కిడ్నీయా అన్న స్థితిలో కొందరు తిరిగి డయాలసిస్‌కు వెళ్లవలసి వచ్చేది. 2005లో ఇటలీ నుంచి వచ్చిన నివేదిక ఈ చిక్కుముడిని కొంత విప్పింది. 15 మంది రోగులకు సైక్లోస్పోరిన్ ఆపి సిరోలిమస్ ఇస్తే మూడు నెలల్లో చర్మం మీది మచ్చలన్నీ పోయాయి, కిడ్నీలు నిలిచాయి. సిరోలిమస్ తిరస్కరణను ఆపుతూనే కణితికి రక్తనాళాలు పెరగకుండా చేస్తుంది. ఒక ప్రాంతపు వైరస్ మందుల ఎంపికనే మార్చిందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

క్షయ, ఇతర ఇన్ఫెక్షన్లు

క్షయ క్రిములను ఊపిరితిత్తుల్లో గోడకట్టి బంధించేది సీడీ4 కణాలు. అవి తగ్గితే ఆ గోడ పగులుతుంది. కునిబీ బృందమే 1990లో కిడ్నీ గ్రహీతల్లో వచ్చిన 14 మైకోబాక్టీరియా ఇన్ఫెక్షన్లను వివరంగా నమోదు చేసింది. చికిత్సలో ఉచ్చు మరోచోట ఉంది: రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైమ్‌లను ఉత్తేజపరచి టాక్రోలిమస్‌ను వేగంగా కరిగించేస్తుంది. మోతాదు సమయానికి పెంచకపోతే క్షయ నయమవుతూ ఉండగా కిడ్నీ తిరస్కరణకు గురవుతుంది. తెలుగు నేల మీదా ఇదే చిక్కు, ఇంకా ఎక్కువగా.

బీకే వైరస్ 1971లో లండన్‌లో చికిత్స పొందుతున్న ఒక సూడాన్ దేశీయుడి మూత్రంలో దొరికింది. కిడ్నీ కణజాలంలోనే దాగి ఉండి, అణచే మందుల మోతాదు ఎక్కువైనప్పుడు ఆ కణజాలాన్నే తినేస్తుంది. దీనికి నమ్మదగిన మందు లేదు, అణచివేత తగ్గించడమే మార్గం. న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా కోట్రైమోక్సజోల్ ఇస్తారు. అది పడనివారికి డాప్సోన్ ఇచ్చే ముందు జీ6పీడీ ఎంజైమ్ చూడటం తప్పనిసరి. ఆ లోపం సాధారణమైన ఖతీఫ్, అల్ అహ్సా ప్రాంతాల్లో చూడకుండా ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. కాచని ఒంటె పాలు ఎడారి ఆతిథ్యంలో భాగం. బ్రూసెల్లా క్రిమి అందులోంచి రావచ్చు కాబట్టి వైద్యులు గ్రహీతలను దానికి దూరంగా ఉండమంటారు.

2012లో జిద్దాలో తొలిసారి గుర్తించిన మెర్స్ కరోనావైరస్ కూడా ఒంటెలతో ముడిపడిందే. 2013 వసంతంలో అల్ అహ్సాలో అది డయాలసిస్ విభాగాల ద్వారా ఒకరి నుంచి ఒకరికి పాకి 23 మందికి సోకింది. తర్వాత సౌదీ వైద్యులు ఇద్దరు కిడ్నీ గ్రహీతల్లో ఈ జబ్బును వర్ణించారు. ఒకరు మరణించారు, ఒకరు కోలుకున్నారు.

కొన్న కిడ్నీలతో వచ్చిన ఇన్ఫెక్షన్లను కూడా ఇక్కడే చెప్పాలి. 1980లలో గల్ఫ్ రోగులు బొంబాయి వచ్చి అపరిచితుల కిడ్నీలు కొనుక్కునేవారు. అలా వెళ్లివచ్చిన యూఏఈ, ఒమన్ రోగులు 130 మంది దాకా పడిన పాట్లను 1990లో లాన్సెట్ పత్రిక వెల్లడించింది: అధిక మరణాలు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి. భారత్‌లో 1994లో చట్టం వచ్చాక ఆ వ్యాపారం ఇతర దేశాలకు మళ్లింది. విదేశాల్లో మార్పిడి చేయించుకుని వచ్చినవారిలో తిరస్కరణ, సైటోమెగలోవైరస్, హెపటైటిస్ సి ఎక్కువని సౌదీ ఆసుపత్రులు కూడా తర్వాత చూపాయి. పేదవాడి శరీరం నుంచి కొన్నది కొనుక్కున్నవాడికీ మేలు చేయలేదు. 2008 ఇస్తాంబుల్ ప్రకటన ఈ వ్యాపారాన్ని ప్రపంచ వైద్యుల తరఫున ఖండించింది.

రంజాన్, హజ్

టాక్రోలిమస్‌ను 12 గంటలకోసారి వేసుకోవాలి. వేసవిలో వచ్చే రంజాన్‌లో ఉపవాసం అంతకు మించి సాగుతుంది, రియాద్‌లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మందు స్థాయి ఒకవైపు పడిపోతే తిరస్కరణ, నీరు తగ్గి పెరిగితే కిడ్నీకి విషం. 1998లోనూ 2008లోనూ వచ్చిన రియాద్ పరిశీలనల్లో, మార్పిడి జరిగి ఏడాది దాటి కిడ్నీ నిలకడగా పనిచేస్తున్నవారికి ఉపవాసం వల్ల చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. రోజుకోసారి వేసుకునే టాక్రోలిమస్ వచ్చాక వెసులుబాటు పెరిగింది. తొలి ఏడాదిలో ఉన్నవారు, క్రియాటినిన్ ఎక్కువున్నవారు ఉపవాసం ఉండకూడదు. రోగులకు మతం ఇచ్చిన మినహాయింపు వారికి వర్తిస్తుంది.

హజ్‌కు మెనింజైటిస్ టీకా తప్పనిసరి. అది నిర్జీవ టీకా కాబట్టి గ్రహీతలు వేసుకోవచ్చు. తట్టు, ఆటలమ్మ, ఎల్లో ఫీవర్ టీకాల వంటి బతికున్న వైరస్‌తో చేసినవి మార్పిడి తర్వాత నిషిద్ధం. అందుకే వీటిలో అవసరమైనవి ఆపరేషన్‌కు ముందే పూర్తిచేయాలి.

కొలవడం ఎలా

రక్తంలో మందు ఎంతుందో కొలవడం తేలిక. రోగనిరోధక వ్యవస్థ ఎంత అణిగిందో కొలవడం కష్టం. ఈ లోటు తీర్చడానికి ఆశ కలిగిస్తున్నది 1997లో జపాన్‌లో దొరికిన టార్క్ టెనో వైరస్. దాదాపు అందరిలోనూ ఉండి ఎవరికీ హాని చేయని ఈ వైరస్ సంఖ్య అణచివేత ఎక్కువైతే పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. ఎక్కువ ఉంటే ఇన్ఫెక్షన్ ముప్పు, మరీ తక్కువ ఉంటే తిరస్కరణ ముప్పు. గ్రహీత రక్తంలో తేలే దాత డీఎన్‌ఏ ముక్కలను లెక్కించడం మరో పద్ధతి. బంధువుల మధ్య మార్పిడులు ఎక్కువైన చోట ఇద్దరి డీఎన్‌ఏను వేరుచేయడానికి అదనపు జాగ్రత్త కావాలి.

సౌదీలో పనిచేస్తూ జబ్బుపడి స్వదేశంలో మార్పిడి చేయించుకున్న తెలుగువారికీ, అక్కడే చేయించుకుని తిరిగొచ్చినవారికీ ఈ కథనంతా దగ్గరిదే. 2013 నుంచి హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా నడుస్తున్న అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకునే నాటికే వారి రక్తంలో రెండు దేశాల సూక్ష్మజీవుల చరిత్ర ఉంటుంది. దేశం మారే గ్రహీత వెంట ఉండవలసినవి: హెచ్‌ఎల్‌ఏ నివేదిక, యాంటీబాడీ పరీక్షల ఫలితాలు, ఆపరేషన్‌నాడు ఇచ్చిన ఇంజెక్షన్ పేరు, సైటోమెగలోవైరస్, హెపటైటిస్, క్షయ పరీక్షలు, చివరి మూడు టాక్రోలిమస్ స్థాయిలు, వాడుతున్న మందు కంపెనీ పేరు. కంపెనీ మారితే మందు స్థాయి మారవచ్చు కాబట్టి కొత్త చోట మొదటి వారంలోనే రక్తపరీక్ష చేయించాలి.